పైడికంటెను ఫోటో తీయడం, తీసిన ఫోటోను ఎడిట్ చేయడం

గుడ్లగూబ ఫోటో బాగా రావాలంటే ఏ లెన్సు కొనాలి అని చాలామంది అడుగుతుంటారు. లెన్సు సంగతి తర్వాత చెప్తాను. దానికంటే ముందు చూసుకోవాల్సింది ఆ పక్షి మిమ్మల్ని చూసి భయపడిందా లేదా అన్నది. భయపడిన గుడ్లగూబ ఈకలన్నీ ఒంటికి అంటించుకుని, కర్రముక్కలా నిటారుగా సాగిపోయి, కళ్ళు గీతల్లా చేసుకుంటుంది. అలాంటి ఫోటోను కంప్యూటర్లో ఎన్ని గంటలు సవరించినా భయపడిన పక్షిగానే కనిపిస్తుంది. అదే పక్షి మిమ్మల్ని పట్టించుకోకుండా ఒంటికాలి మీద నిలబడి ఈకలు దువ్వుకుంటున్నప్పుడు తీస్తే, ఇసుక చల్లినట్టు కాస్త గ్రెయిన్ ఉన్నా, కాస్త చీకటిగా ఉన్నా ఆ ఫోటో చూడబుద్ధవుతుంది. ఇక్కడ నేను చెప్పే సెట్టింగులన్నీ, ఎడిటింగ్ అంతా ఆ రెండో రకం ఫోటో కోసమే.

మొదలుపెట్టడానికి పైడికంటెను మించిన పక్షి లేదు. ఇంగ్లీషులో స్పాటెడ్ ఔలెట్ అంటారు. జానెడు పొడుగు, అంటే 20 సెంటీమీటర్ల చిల్లర, బూడిద గోధుమ రంగు ఒంటి మీద తెల్లచుక్కలు, పసుప్పచ్చటి కళ్ళు, వాటి మీద తెల్లటి కనుబొమలు. తెలుగు నేల మీద ఇది లేని ఊరు అరుదు. పాత చింతచెట్టు, రావిచెట్టు, వేపచెట్టు, పాడుబడ్డ ఇల్లు, బడి గోడలో ఊడిపోయిన ఇటుక సందు, ఎక్కడ తొర్ర దొరికితే అక్కడ జంటగా కాపురం పెడుతుంది. చీకటి పడేదాకా ఆగకుండా పొద్దుగూకే వేళకే బయటికొస్తుంది, చలికాలం పొద్దున్నయితే తొర్ర అంచున కూర్చుని ఎండ కాగుతుంది కూడా. మిగతావి ఇంత సులువు కాదు. తెల్లటి హృదయాకారపు మొహంతో పాడుబడ్డ బావుల్లో, గుడి గోపురాల్లో ఉండేదాన్ని కొన్ని ఊళ్ళలో చావుపిట్ట అంటారు, అది బాగా చీకటి పడితేగానీ కదలదు. తల మీద రెండు ఈకల కుచ్చులతో, నారింజరంగు కళ్ళతో బండలగుట్టల్లో ఉండే పెద్ద గుడ్లగూబ అద్భుతంగా ఉంటుంది గానీ, గుట్టల్లో మునిమాపు వేళ రక్తపింజర, చిన్నపింజర తిరుగుతాయి కాబట్టి, బూట్లు, టార్చి, తోడు లేకుండా అటు వెళ్ళొద్దు. ముందు ఊళ్ళో పైడికంటె మీద ఒక చలికాలమంతా చేయి తిప్పుకోండి.

ముందు దాని అడ్రసు కనుక్కోవాలి

చెట్టును చూసేముందు చెట్టు కింద నేలను చూడండి. సున్నం చిలికినట్టు తెల్లటి రెట్టలు ఒకేచోట పేరుకుని ఉంటే, సరిగ్గా దాని పైన ఏదో పక్షి రోజూ కూర్చుంటోందన్నమాట. అక్కడే బొటనవేలంత ఎండిపోయిన ఉండలు దొరికితే ఇంకా మంచిది. గుడ్లగూబ తిన్నదాంట్లో అరగని ఎముకలు, బొచ్చు, పురుగుల పెంకులు ఉండలా చుట్టుకుని నోట్లోంచి బయటికొస్తాయి. పైడికంటె ఉండను వేళ్ళతో నలిపితే పేడపురుగుల, మిడతల పెంకులు తళతళలాడుతూ కనిపిస్తాయి, అప్పుడప్పుడు సూదంత ఎలుక ఎముక కూడా. చేతులు మాత్రం తర్వాత సబ్బుతో కడుక్కోండి.

రెండో దారి, మిగతా పక్షుల గొడవ వినడం. పగటిపూట గోరింకలు, ఏట్రింతలు, ఉడుతలు ఒకే కొమ్మ చుట్టూ చేరి ఆగకుండా అరుస్తున్నాయంటే అక్కడ పామైనా ఉండాలి, గుడ్లగూబైనా ఉండాలి. మూడోది దాని గొంతు. సూర్యుడు అటు దిగగానే చిర్ర్ చిర్ర్ చిర్ర్ అని మొదలుపెట్టి చివర్లో చివాక్ చివాక్ అని తెగ్గొట్టినట్టు అరుస్తుంది, ఒకటి మొదలుపెడితే జంటలో రెండోది అందుకుంటుంది. ఆ అరుపు ఎటునుంచి వచ్చిందో గుర్తుపెట్టుకుని మర్నాడు పగలు వెళ్ళి తొర్ర వెతుక్కోవచ్చు.

అన్నిటికన్నా మంచి దారి ఊళ్ళో పెద్దవాళ్ళను అడగడం. మా ఊరి చెరువుకట్ట మీద చింతచెట్టు దగ్గర నేను కెమెరా పట్టుకుని తచ్చాడుతుంటే కట్టకింద పొలమున్న తాత వచ్చి, "ఏం దీస్తున్నవ్ బిడ్డా, గా గూబనా? ఇంటి మీద అరిస్తే మంచిది కాదంటరు గద" అన్నాడు. "ఎలుకల్ని తింటది తాతా, మీ వరికి మంచిదే" అన్నాను. కాసేపు ఆలోచించి, "అవ్, మొన్న కోతలప్పుడు గట్టు మీదికెల్లి ఎలుకను ఎత్కపోయింది, నేను జూసిన" అని, నేను మూడు రోజులుగా వెతుకుతున్న తొర్రను వేలెత్తి చూపించాడు. కట్ట ఉన్న వైపు కాకుండా నీళ్ళవైపు తిరిగి ఉందది, అందుకే నాకు కనబడలేదు. రైతులు పురుగులు తినే పక్షుల కోసం పొలంలో టీ ఆకారంలో కర్రలు పాతుతారు చూడండి, రాత్రి పైడికంటెలు కూర్చునేది వాటి మీదే అని చెప్పింది కూడా ఆయనే.

దగ్గరికి వెళ్ళడం కాదు, కూర్చోవడం

ఆ తొర్ర దొరికిన మొదటి సాయంత్రం నేను ఆగలేకపోయాను. పక్షి తొర్ర అంచున కూర్చుని ఉంది, నేను ఒక్కో అడుగూ వేసుకుంటూ, ఒక్కో అడుక్కీ నాలుగు ఫోటోలు తీసుకుంటూ ముందుకెళ్ళాను. అది తల పైకీ కిందికీ ఊపడం మొదలుపెట్టింది. ఎంత ముద్దుగా ఆడుతోందో అనుకున్నాను. నిజానికి అది నన్ను కొలుస్తోంది. గుడ్లగూబ కళ్ళు మనలాగా గూట్లో తిరగవు, అందుకే అది మెడను అంత తిప్పాల్సి వస్తుంది, ఎదురుగా ఉన్నది ఎంత దూరంలో ఉందో తేల్చుకోవడానికి తలను అలా ఊపుతుంది. ఇంకో రెండడుగులు వేసేసరికి ఎగిరి ఎదురుగా ఉన్న వేపచెట్టు మీదికి పోయింది. ఇంకా వెలుగుంది, కాకులు గూళ్ళకు చేరే వేళ, పదీ పదిహేను కాకులు దాన్ని చుట్టుముట్టి చీకటి పడేదాకా తరిమాయి. ఆ రోజు నా దగ్గరున్న నూట ముప్పై ఫోటోల్లో ఉంచుకోదగ్గది ఒక్కటీ లేదు, ఆ పక్షికి సాయంత్రపు వేట పోయింది. ఇప్పటికీ ఆ కాకుల గోల గుర్తొస్తే నాకు బాధే.

తర్వాత నేను పట్టుకున్న పద్ధతి ఇది. తొర్రకు 15 నుంచి 20 మీటర్ల దూరంలో, పక్షి బయటికి రాకముందే, అంటే సూర్యాస్తమయానికి గంట ముందే వెళ్ళి, ఒక చెట్టు మొదలుకు ఆనుకుని కూర్చోవాలి. నిలబడిన మనిషి కంటే కూర్చున్న మనిషిని పక్షులు త్వరగా ఒప్పుకుంటాయి. మట్టిరంగు బట్టలు, ఒక పాత తువ్వాలు భుజాల మీద కప్పుకుంటే చాలు, చెట్లలో కలిసిపోయే ఖరీదైన డ్రస్సులు అక్కర్లేదు. మొదటి రెండు మూడు రోజులు కెమెరా కంటికి ఆనించకపోయినా పర్లేదు, కూర్చుని చూడండి. ఏ కొమ్మ మీద ముందు వాలుతుంది, ఎటు తిరిగి కూర్చుంటుంది, ఎప్పుడు వేటకు పోతుంది అన్నవి తెలిస్తే, మర్నాడు ఆ కొమ్మకు సరైన వెనక దృశ్యం ఎక్కణ్ణుంచి వస్తుందో చూసుకుని చోటు మార్చుకోవచ్చు. నాకు ఐదో సాయంత్రానికి అది నన్ను చూసి, ఆవలించినట్టు నోరు తెరిచి, అటు తిరిగి మెడ గోక్కుంది. అదే నేను ఎదురుచూసింది.

కళ్ళు సగం మూసుకుని ఉండటం, ఈకలు ఉబ్బించి బంతిలా ఉండటం, ఒక కాలు పొట్టలోకి ముడుచుకోవడం, ఈకలు దువ్వుకోవడం, ఇవన్నీ నిమ్మళంగా ఉందనడానికి గుర్తులు. తల ఊపడం, మీవైపే రెప్పవేయకుండా చూడటం, ఒళ్ళు సన్నబడటం మొదలైతే మీరు దగ్గరైపోయారు, లేచి గబగబా పోకుండా మెల్లగా వెనక్కి జరగండి.

కెమెరాలో ఏం పెట్టాలి

లెన్సు 400 మిల్లీమీటర్లు ఉంటే పని మొదలుపెట్టొచ్చు, 150-600 లాంటి జూమ్ ఉంటే హాయి. లెక్క చెప్తాను: 20 సెంటీమీటర్ల పైడికంటె 15 మీటర్ల దూరంలో ఉంటే, ఏపీఎస్-సీ అనే మధ్యరకం సైజు సెన్సారున్న కెమెరాకు 600 లెన్సు పెడితే అది ఫ్రేము ఎత్తులో సగం వస్తుంది. 300 అయితే పావు వంతే వస్తుంది. పావు వంతు వచ్చినా బాధపడకండి, పక్షి చిన్నగా ఉండి చింతచెట్టు మొత్తం, వెనక చెరువు కనిపించే ఫోటోలు దగ్గరి ఫోటోల కంటే నాకెక్కువ ఇష్టం, అది ఎక్కడ బతుకుతోందో వాటిలోనే తెలుస్తుంది.

అసలు చిక్కు వెలుగుతో. డిసెంబరులో మన దగ్గర ఐదూ నలభైకల్లా సూర్యుడు దిగిపోతాడు, మీకు పనికొచ్చే వెలుగు ఆ తర్వాత ఇరవై నిమిషాలు. అందరూ ఇక్కడ చేసే తప్పు పక్షి అనగానే షట్టర్ స్పీడు, అంటే వెలుగును లోపలికి రానిచ్చే సమయం, సెకనులో 1/1000 వంతుకు పెట్టేయడం. ఎగిరే పక్షికి అది కావాలి. కూర్చున్న గుడ్లగూబ రాయిలా కదలకుండా ఉంటుంది, దానికి అంత వేగం దేనికి? 1/500 దగ్గర ఐఎస్ఓ (కెమెరా వెలుగును ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400 అడుగుతున్న వెలుగులో 1/60 కి దించితే 800 తో సరిపోతుంది, ఫోటోలో నాయిస్, అంటే ఆ ఇసుక చల్లినట్టుండే చుక్కలు, ఎంత తగ్గుతుందో ఆలోచించండి. ట్రైపాడ్ గానీ, నేల మీద పెట్టిన ఇసుక సంచి గానీ, లేదంటే కనీసం మోకాలి మీద మోచేయి ఆనించి గానీ, లెన్సులో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఆన్ చేసి, ఒకేసారి ఎనిమిది పది ఫోటోలు వరసగా తీయండి. 1/60 దగ్గర పదింట్లో ఏడు వణికిపోతాయి, మూడు సూదిలా వస్తాయి, మనకు కావాల్సింది ఒక్కటే. సైలెంట్ షట్టర్ ఉంటే వాడండి, ఆ చెవులకు మన టకటక చప్పుడు చాలా పెద్దది. వీధిలైటు కింద కూర్చున్న పక్షిని తీసేటప్పుడు మాత్రం సైలెంట్ షట్టర్‌తో ఫోటోలో అడ్డచారలు రావచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి అక్కడ 1/50 గానీ 1/100 గానీ పెడితే చారల బెడద చాలావరకు పోతుంది.

నేను మాన్యువల్ మోడ్ పెట్టి, ఎపర్చర్, అంటే లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం, లెన్సు ఇచ్చినంత తెరిచి, షట్టర్ నేను ఎంచుకుని, ఐఎస్ఓను ఆటోకు వదిలేస్తాను. తర్వాత చేతిలో ఉండేది ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్, అంటే కెమెరా ఎంచుకున్న వెలుగును పెంచే, తగ్గించే మీట, ఒక్కటే. పక్షి వెనక ఆకాశం తెల్లగా ఉంటే కెమెరా భయపడి పక్షిని నల్లగా చేస్తుంది, ప్లస్ 1 నుంచి ప్లస్ 1.7 దాకా పెంచండి. తెల్లమొహం చావుపిట్ట చీకటి బావి గోడ మీద ఉంటే దానికి ఉల్టా, కెమెరా గోడను వెలిగించబోయి మొహాన్ని కాల్చేస్తుంది, మైనస్ 0.7 లేదా మైనస్ 1 కి దించండి. కాలిపోయిన తెలుపులో ఈకల గీతలు మళ్ళీ రావు. ఫైలు మాత్రం తప్పకుండా రా (సెన్సారు పట్టింది పట్టినట్టు దాచే ఫైలు) లోనే తీయండి, జేపెగ్‌లో ఈ వెలుగును సవరించే వీలు చాలా తక్కువ.

ఫోకస్ కంటి మీద పడాలి. జంతువుల కన్ను గుర్తుపట్టే కొత్త కెమెరా అయితే అదే చూసుకుంటుంది గానీ, తొర్ర ముందు పుల్లలు అడ్డుంటే అదీ తికమకపడి పుల్లనే పట్టుకుంటుంది, అప్పుడు ఒకే చిన్న పాయింటు పెట్టి చేత్తో కంటి మీద ఉంచాలి. 600 లెన్సు, ఎపర్చర్ ఎఫ్ 6.3, 12 మీటర్ల దూరం అనుకుంటే స్పష్టంగా వచ్చే మందం సుమారు 10 సెంటీమీటర్లే. తోక మసకైనా ఎవరూ పట్టించుకోరు, కన్ను మసకైతే ఫోటో లేనట్టే.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి, వీటిలో నేను బేరం ఆడను. ఫ్లాష్ వద్దు, కళ్ళలోకి టార్చి వద్దు. చీకటికి అలవాటుపడ్డ కళ్ళకు ఒక్కసారి అంత వెలుగు కొడితే కాసేపు సరిగ్గా కనబడక అది ఎగిరి ఏ కరెంటు తీగకో తగలొచ్చు. ఫోనులో దాని అరుపు పెట్టి పిలవొద్దు, తన జాగాలోకి వేరే గుడ్లగూబ వచ్చిందనుకుని వేట, పిల్లలు వదిలేసి పోట్లాటకు వస్తుంది. ఎలుకను ఎరగా పెట్టొద్దు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా పైడికంటెలు గుడ్లు పెట్టి పిల్లల్ని సాకే కాలం, తొర్రలోకి కెమెరా గానీ ఫోను గానీ దూర్చకూడదు, అడ్డుందని కొమ్మ విరవకూడదు, ఆ కొమ్మే కాకుల నుంచి పిల్లలకు చాటు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం గుడ్లగూబలకు వర్తిస్తుంది, వాటిని పట్టడం, అమ్మడం నేరం. అయినా దీపావళి దగ్గరపడితే క్షుద్రపూజల కోసం వీటిని పట్టి అమ్మేవాళ్ళు మన దేశంలో ఇంకా ఉన్నారు, అందుకే ఫోటో పెట్టినా ఊరి పేరు, చెట్టు గుర్తులు ఎక్కడా రాయకండి. ఎంత తెలిసినవాళ్ళు అడిగినా సరే.

ఎడిటింగ్: ఒక్క ఫోటోను మొదట్నుంచి చివరిదాకా

ఐదో సాయంత్రం తీసిన ఫోటోనే తీసుకుందాం. సమయం 5:52, లెన్సు 500 దగ్గర, ఎఫ్ 6.3, 1/80, ఐఎస్ఓ 3200. పక్షి తొర్ర అంచున, ఒంటికాలి మీద, ఒళ్ళంతా ఉబ్బించుకుని ఉంది. వెనక చెరువు నీళ్ళ మీద ఆఖరి నారింజ వెలుగు మసకగా కరిగిపోయి ఉంది. రా ఫైలు తెరవగానే చూస్తే నిరుత్సాహంగా ఉంటుంది, అంతా బూడిదరంగు, పక్షి చీకట్లో, ఇసుక చల్లినట్టు నాయిస్.

మొదట ఎంపిక. అదే వరసలో పద్నాలుగు ఫోటోలున్నాయి. ఒక్కొక్కదాన్నీ నూరు శాతం జూమ్ చేసి కంటినే చూశాను. ఎనిమిది వణికాయి. రెండింట్లో పసుపు కంటి మీద పల్చటి పాలపొర కప్పినట్టుంది, అది ఫోకస్ తప్పు కాదు, గుడ్లగూబకు మామూలు రెప్పలు కాకుండా లోపల ఇంకో పల్చటి పొర ఉంటుంది, అది కంటిని తుడుస్తున్న క్షణం అన్నమాట. మిగిలిన నాలుగింట్లో తల కాస్త నావైపు తిరిగి, కంట్లో ఆకాశపు వెలుగు చుక్క ఉన్నదాన్ని పట్టుకున్నాను. మిగతావాటి మీద జాలిపడకుండా తీసేయండి, లేకపోతే హార్డ్ డిస్కు నిండుతుంది గానీ మీ చూపు పదునెక్కదు.

లైట్‌రూమ్ వాడేవాళ్ళు అందులోనే, డబ్బు పెట్టలేనివాళ్ళు డార్క్‌టేబుల్ గానీ రాథెరపీ గానీ వాడొచ్చు, రెండూ ఉచితం, మంచివి. ఫోనులోనే చేసుకునేవాళ్ళకు స్నాప్‌సీడ్ డీఎన్‌జీ రా ఫైళ్ళను తెరుస్తుంది. పేర్లు అటూఇటూ మారతాయి గానీ పని అదే.

నాయిస్ తీయడం అన్నిటికన్నా ముందు చేస్తాను, ఎందుకంటే తర్వాత నీడలు ఎత్తినా పదును పెంచినా అది నాయిస్‌నీ పెంచుతుంది. లైట్‌రూమ్‌లో ఏఐ డీనాయిస్ 2023 లో వచ్చింది, 50 దగ్గర మొదలవుతుంది, ఈ ఫోటోకు నేను 35 దగ్గర ఆపాను. 70 దాటించి చూడండి, నుదుటి మీద ఉన్న సన్నటి తెల్లచుక్కలు కరిగి మైనం పూసిన బొమ్మలా అయిపోతుంది. పైడికంటె అందమంతా ఆ చుక్కల్లోనే ఉంది, కొంచెం గ్రెయిన్ మిగిలినా పర్లేదు. డార్క్‌టేబుల్‌లో అయితే డీనాయిస్ ప్రొఫైల్డ్ అనే మాడ్యూల్ మీ కెమెరాను, ఐఎస్ఓను చూసి తనే లెక్క వేసుకుంటుంది.

తర్వాత రంగు. పొద్దుగూకాక వచ్చే వెలుగులో నీలం ఎక్కువ, చెట్టు కింద ఆకుల పచ్చ కూడా కలుస్తుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ దాన్ని పూర్తిగా సరిచేయబోయి సాయంత్రాన్ని మధ్యాహ్నం చేసేస్తుంది. నేను కనుబొమ తెలుపును చూసుకుంటూ టెంపరేచర్ కొంచెం వెచ్చగా జరిపాను, ఆ తెలుపు పసుపుగా మారకముందే ఆగాను, టింట్ కాస్త మెజెంటా వైపు నెట్టి పచ్చ తీశాను. పాతకాలపు పసుపు సోడియం వీధిలైటు కింద తీసిన ఫోటో అయితే రంగుతో కుస్తీ పట్టకండి, ఆ లైటులో మిగతా రంగులు దాదాపు ఉండవు కాబట్టి లేనివాటిని తేలేం, నలుపు తెలుపు చేసేయండి, చాలా బాగుంటుంది.

ఎక్స్‌పోజర్ 0.6 పెంచాను, హైలైట్స్ (బాగా వెలుగున్న చోట్లు) మైనస్ 40 చేసి నీళ్ళ మీది నారింజను కాపాడాను, షాడోస్ (నీడ ఉన్న చోట్లు) ప్లస్ 25 మాత్రమే. ఇక్కడే చాలా ఫోటోలు పాడవుతాయి. తొర్ర లోపలి చీకటి కనిపించాలని షాడోస్ పూర్తిగా ఎత్తేస్తే లోపల ఊదారంగు మచ్చలు తేలతాయి, పైగా తొర్ర తొర్రలా ఉండదు. నేను కూర్చున్నప్పుడు ఆ తొర్ర లోపల నాకేమీ కనబడలేదు, ఫోటోలోనూ కనబడక్కర్లేదు.

ఆ తర్వాత మాస్కులు, అంటే ఫోటోలో ఒక భాగాన్ని విడదీసి దాన్ని మాత్రమే మార్చడం. సెలెక్ట్ సబ్జెక్ట్ నొక్కితే పక్షిని పట్టుకుంటుంది, కానీ గోళ్ళ దగ్గర, తోక దగ్గర తప్పకుండా తడబడుతుంది, బెరడులో కొంత ముక్కను పక్షి అనుకుంటుంది. బ్రష్‌తో ఆ ముక్కలు తీసేయండి, ఓపిక పట్టాల్సింది ఇక్కడే, లేకపోతే పక్షి చుట్టూ వెలుగు అంచు కనబడి కత్తిరించి అతికించినట్టుంటుంది. పక్షి మీద ఎక్స్‌పోజర్ 0.3, టెక్స్‌చర్ 15. క్లారిటీ జోలికి పోలేదు, అది ఈకల మెత్తదనాన్ని పోగొట్టి పక్షిని కొబ్బరిపీచులా చేస్తుంది. మాస్కును తిరగేసి చెట్టు బెరడును 0.25 తగ్గించాను, ఒక ఎండిన ఆకు మరీ తెల్లగా కళ్ళలో పడుతుంటే దాన్ని మాత్రం విడిగా తగ్గించాను.

కళ్ళ సంగతి విడిగా చెప్పాలి. పైడికంటె కళ్ళు సహజంగానే పసుపు, వాటికి సాచురేషన్ (రంగు గాఢత) ఇంకా పెంచి బల్బుల్లా వెలిగించడం ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తోంది. నేను కంటికి చిన్న మాస్కు వేసి ఎక్స్‌పోజర్ 0.2 పెంచుతాను, అంతే. ఒక పక్కనుంచి వెలుగు పడితే గుడ్లగూబ రెండు కంటిపాపలు రెండు సైజుల్లో ఉండొచ్చు, అది తప్పనుకుని సమానం చేయకండి, నిజంగానే అలా ఉంటాయి. కంట్లో వెలుగు చుక్క లేకపోతే గీసి పెట్టకండి. చుక్క ఉన్న ఇంకో ఫోటో దొరికేదాకా ఇంకో సాయంత్రం వెళ్ళి కూర్చోండి.

పదును ఆఖర్న. లైట్‌రూమ్ షార్పెనింగ్‌లో మాస్కింగ్ అనే గీత ఉంటుంది, ఆల్ట్ కీ నొక్కిపెట్టి దాన్ని కుడివైపు జరిపితే తెర నలుపు తెలుపుగా మారి, తెల్లగా ఉన్నచోటే పదును పడుతుందని చూపిస్తుంది. కళ్ళు, ముక్కు, ఈకల అంచులు మాత్రమే తెల్లగా మిగిలి నీళ్ళు మొత్తం నల్లబడేదాకా జరపండి, నాకు ఈ ఫోటోలో అది 70 దగ్గర వచ్చింది.

ఇక క్రాప్. 24 మెగాపిక్సెళ్ళ ఫైలు 6000 బై 4000 ఉంటుంది, పొడుగూ వెడల్పూ సగానికి కత్తిరిస్తే మిగిలేది 6 మెగాపిక్సెళ్ళే, నెట్‌లో పెట్టుకోవడానికి అది చాలు. పక్షి ఎటు చూస్తోందో అటువైపు ఖాళీ వదలండి. నా ఫోటోలో అది చెరువు వైపు చూస్తోంది కాబట్టి దాన్ని ఎడమకు ఉంచి కుడివైపు నీళ్ళు వదిలాను. మూలలో అడ్డొచ్చిన పుల్లను చెరిపేయాలా అని మీకూ అనిపిస్తుంది. ఇంట్లో గోడకు పెట్టుకునే ఫోటో మీ ఇష్టం. వన్యప్రాణి ఫోటో పోటీలకు పంపాలనుకుంటే ముందు నిబంధనలు చదవండి, చాలా పోటీల్లో ఉన్నదాన్ని చెరపడం, లేనిదాన్ని చేర్చడం రెండూ ఒప్పుకోరు, అసలు రా ఫైలు చూపించమంటారు కూడా. నేను పుల్లను ఉంచేశాను, క్రాప్‌తోనే సగం పోయింది.

అన్నీ అయ్యాక ఫైలు మూసేసి పడుకోండి. మర్నాడు పొద్దున చూస్తే రాత్రి కళ్ళకు బాగున్నదంతా కాస్త అతిగా కనబడుతుంది, నేను దాదాపు ప్రతిసారీ సాచురేషన్‌నీ, పక్షి మీది వెలుగునూ కొంత వెనక్కి తగ్గిస్తాను.

ఎగుమతి చేసేటప్పుడు రంగుల పద్ధతిగా ఎస్ఆర్‌జీబీ పెట్టండి, పొడుగు వైపు 2048 పిక్సెళ్ళు చాలు. లొకేషన్ సమాచారం తీసేయమనే టిక్కు పెట్టడం మర్చిపోవద్దు, ముఖ్యంగా ఫోనుతో తీసినవాటికి, ఎందుకంటే వాట్సాప్‌లో నాణ్యత తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే ఫోటోతోపాటు ఆ చెట్టు జీపీఎస్ కూడా వెళ్ళిపోతుంది.

ప్రింటుకు మాత్రం వేరే ఫైలు చేసుకోండి. తెర వెనక దీపం ఉంటుంది, కాగితం వెనక ఉండదు, అందుకే ఇలాంటి సాయంత్రపు ఫోటోలు ప్రింటులో ఇంకా చీకటి పడతాయి. తాత కోసమని 8 బై 12 అంగుళాల సైజులో మ్యాట్ కాగితం మీద వేయిస్తే మొదటిసారి తొర్ర, పక్షి కలిసిపోయి నల్లమచ్చలా వచ్చింది. ఎక్స్‌పోజర్ ఇంకో 0.4, షాడోస్ ఇంకో 10 పెంచి రెండోసారి వేయించాను, కనుబొమ తెలుపు, ముడుచుకున్న కాలు, నీళ్ళ మీది నారింజ అన్నీ విడివిడిగా తేలాయి. తాత దాన్ని తిప్పి తిప్పి చూసి, "కాలెటు వాయెరా దీనిది?" అన్నాడు. పొట్ట ఈకల్లో పెట్టుకుంది తాతా అని చూపించాను.